వెయ్యిన్నూట పదహారు దగ్గర ఆగిపోయిన మైళ్ళ మీటరు

మోటారు పని నేర్చుకుంటామని నా దగ్గరికి వచ్చే కుర్రాళ్ళు ముందు ఇంజను విప్పి చూపించమంటారు. ఇంజను ఎక్కడికీ పోదు నాయనా, ముందు బండి అమ్మే మనిషిని విప్పడం నేర్చుకో అంటాను. ముసలాడు పని నేర్పకుండా కబుర్లు చెబుతున్నాడని మొహం ముడుచుకుంటారు. ముడుచుకోనీ. బోల్టు బిగుసుకుంటే నూనె వేస్తే వస్తుంది. అమ్మేవాడి నోరు బిగుసుకుంటే ఏం వేస్తావు? నా పని బతుకంతా ఆ నూనె ఏమిటో వెతకడంలోనే గడిచింది.

నా చదువు మూడో తరగతితో పూర్తయింది. పూర్తయింది అని నేనంటాను. వదిలిపోయింది అని మా మాస్టారు అనేవారు. కాబట్టి ఇందులో పెద్ద మాటలు వెతక్కండి. ఎన్నేళ్ళు ఎక్కడ చేశాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి కూడా రాయను. శాలువా కప్పినవాళ్ళు ఎవరూ లేరు గనక ఆ పేజీ మిగిలింది. పాత మోటారు కొనేటప్పుడు ఎలా మోసపోతామో, ఎలా మోసపోకుండా ఉంటామో, నేను చూసింది మాత్రం చెబుతాను.

పెద్దోడి చొక్కా చిన్నోడికి

నేను పనిలో చేరిన పంతొమ్మిది వందల ఇరవైలలో నర్సీపట్నంలో మోటార్లు వేళ్ళ మీద లెక్క. వీధి చివర చప్పుడు వినగానే అది ఎవరి బండో వంటింట్లోంచే చెప్పేవారు ఆడవాళ్ళు. కొత్త మోటారు మాత్రం మా ఊరికి వచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. పెద్దోడి చొక్కా చిన్నోడికి వచ్చినట్టు, దొర విడిచిన బండి జమీందారుకి, జమీందారు విడిచింది కంట్రాక్టరుకి, కంట్రాక్టరు విసిగిపోయి విడిచింది మాకు వచ్చేది. మా దాకా వచ్చేసరికి చొక్కాకి గుండీలు ఉండేవి కావు.

అలాంటి బండి కొనేవాడు మొదట చూసేది మైళ్ళ మీటరు. స్టీరింగు ముందున్న పలక మీద గాజుబిళ్ళ వెనక వరసగా అంకెలుంటాయి చూడండి, బండి ఎంత తిరిగిందో చెప్పేది, అదే. ముందు చక్రం దగ్గర నుంచి ఒక తీగ గొట్టంలో దూరి పైకి వచ్చి ఆ అంకెల్ని తిప్పుతుంది. చక్రం తిరిగితే తీగ తిరుగుతుంది, తీగ తిరిగితే అంకె మారుతుంది. ఇంత నిజాయితీ గల పనిముట్టు ఇంకొకటి లేదని కొనేవాడి నమ్మకం. అమ్మేవాడికి కూడా ఆ నమ్మకం మీద గొప్ప నమ్మకం.

ఎందుకంటే, ఆ తీగని కింద విప్పేసి, వడ్రంగి చిల్లులు పెట్టే బరమాకి తగిలించి వెనక్కి తిప్పితే అంకెలు కూడా బుద్ధిగా వెనక్కి నడిచేవి. ఓపిక లేనివాడు గాజు ఊడదీసి సూదితో అంకెల్ని నెట్టేవాడు. అలా నెట్టినవి బడిలో ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లా ఒకటి ముందుకి, ఒకటి వెనక్కి ఉంటాయి. గాజు చుట్టూ ఉన్న ఇత్తడి కట్టు మీద గీతలు కూడా పడతాయి. ఇంకా సోమరివాడు తీగ ఊడదీసి ఊరుకునేవాడు. బండి తిరుగుతూనే ఉంటుంది, మీటరు మాత్రం నిద్రపోతుంది.

తువ్వాలు

నాకు పని నేర్పినవాడు దావీదు మేస్త్రి. విశాఖపట్నంలో ఒక దొర దగ్గర మోటారు పని నేర్చుకుని మా ఊరొచ్చి కొట్టు పెట్టాడు. ఆయన మంచివాడని నేను రాయను. పని నేర్పడంలో మహా పిసినారి. ఏదైనా అడిగితే "కళ్ళున్నాయి కదా, సూడు" అనేవాడు. చూస్తుంటే "ఏటలా సూస్తావు, పని సెయ్" అనేవాడు. ఆ రెండింటి మధ్య ఎక్కడో పని నేర్చుకోవాలి మేము.

కానీ ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా పాత బండి చూడమని పిలిస్తే, ఆయన వెళ్ళగానే భుజం మీది తువ్వాలు తీసి మైళ్ళ మీటరు మీద కప్పేసేవాడు. అందులో ఏ అంకె ఉందో చూసేవాడు కాదు, మమ్మల్ని చూడనిచ్చేవాడు కాదు. బండి అంతా చూసి, అది ఎంత తిరిగి ఉంటుందో తన మనసులో అనుకున్న తర్వాతే తువ్వాలు తీసేవాడు. ఒకసారి కారణం అడిగాను.

"ముందే అంకె సూసేవనుకో, నీ కళ్ళు దాని ఎనకాలే పోతాయి. పెళ్ళికూతుర్ని సూడ్డానికెల్లినోడు ముందు నగలు సూసినట్టే అది."

నా వృత్తిలో నేను విన్న మంచి మాట ఇదొక్కటే అంటే అబద్ధం కాదు. ఇప్పటి కుర్రాళ్ళు బండి తలుపు తియ్యకుండానే మీటరు చూసి "తక్కువే తిరిగింది" అంటున్నారు. తువ్వాలు కొనుక్కోండి.

తువ్వాలు కప్పిన తర్వాత ఆయన చూసేవి మనిషి చెయ్యీ కాలూ తగిలే చోట్లు. అప్పట్లో బండి ముందు హ్యాండిలు పెట్టి తిప్పితే గాని ఇంజను లేచేది కాదు. ఆ హ్యాండిలు చివర పళ్ళు పదునుగా ఉన్నాయా, తాతగారి పళ్ళలా అరిగాయా? కాలితో తొక్కే పెడలు మీద గీతలు మిగిలాయా, అద్దంలా నున్నబడిందా? ఎక్కేటప్పుడు కాలు పెట్టే మెట్టు మధ్యలో గుంట పడిందా? తలుపు తీసి పైకి ఎత్తితే కీలు అరిగి లేస్తుందా? మీటరుని వెనక్కి తిప్పేవాడు వీటిని వెనక్కి తిప్పలేడు. అరిగిన ఇనుము మళ్ళీ పుట్టదు.

మేస్త్రి తప్పిన రోజు

అయితే మేస్త్రి కూడా ఒకసారి బోర్లా పడ్డాడు. కోటవురట్ల డాక్టరు గారు ఒక కంట్రాక్టరు బండి కొనబోతూ మమ్మల్ని తీసుకెళ్ళారు. మేస్త్రి పెడలు చూశాడు. నున్నగా, బోడి గుండులా ఉంది. ఇంకేమీ చూడకుండా "ఈ బండి లంక దాకా ఎల్లొచ్చింది బాబూ, వొద్దు" అనేశాడు. డాక్టరు గారు ఆ బండి వదిలేసి ఇంకొకటి కొన్నారు. ఆ కొన్నది రోగుల ఇళ్ళకి వెళ్ళడం కంటే మా కొట్టుకి రావడం ఎక్కువ.

తర్వాత తెలిసిందేమిటంటే ఆ కంట్రాక్టరు పట్టాళంలో చేసి వచ్చినవాడు. అడుగున మేకులు కొట్టిన బూట్లు తొడిగేవాడు. పైగా బండి నడుపుతున్నంతసేపూ పెడలు మీద నుంచి కాలు తీసేవాడు కాడు. బండి నిజంగా తక్కువే తిరిగింది. పెడలు మాత్రం పాపం యుద్ధానికి వెళ్ళి వచ్చింది.

మేస్త్రి దానికి సిగ్గుపడలేదు. "ఒక సాచ్చి సెప్పింది నమ్మి ఉరి తీసేసినాను" అన్నాడు, అంతే. అప్పటి నుంచి మా కొట్లో నియమం ఏమిటంటే, ఒక్క సాక్ష్యం మీద బండిని దొంగ అనకూడదు. పెడలు, హ్యాండిలు, సీటు, మెట్టు, అన్నీ ఒకే మాట చెబితేనే అనాలి. ఈ నియమం మనుషులకి కూడా పనికొస్తుంది గాని, మనుషుల విషయంలో పాటించేంత ఓపిక నాకూ లేదు.

పైడమ్మ చెరకు తోట

ఇప్పుడు అసలు బండి సంగతికి వస్తాను.

మా వీధిలో జట్కా సన్యాసయ్య ఉండేవాడు. ఊరి నుంచి రైలు స్టేషనుకి జనాన్ని చేరవేసేవాడు. రైల్వే వాళ్ళు స్టేషనుకి మా ఊరి పేరు పెట్టారు గాని మా ఊళ్ళో స్టేషను పెట్టలేదు. నర్సీపట్నం రోడ్డు అని రాసి ఉన్న బోర్డు దగ్గర దిగిన కొత్తవాడు "ఊరేదీ" అని చుట్టూ చూసేవాడు. ఊరు జట్కాలో పూటంతా ప్రయాణం. ఆ అమాయకత్వం మీదే సన్యాసయ్య కుటుంబం బతికేది. ఇంతలో ఎవరో ఆ దారిలో మోటారు బస్సు వేశారు. జట్కా ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. తానూ ఒక మోటారు కొని తిప్పకపోతే ఇక గుర్రాలకి మేత కూడా ఉండదని సన్యాసయ్యకి అర్థమైంది.

చేతిలో ఉన్న రొక్కం చాలదు. బండి కింద రాసివ్వడానికి మిగిలింది ఒకటే, గొలుగొండ దగ్గర అతని భార్య పైడమ్మకి పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన చెరకు తోట. ఆ తోట పంటతోనే ఆ ఇంట్లో ఏడాది పొడుగునా పొయ్యి వెలిగేది. బండి మంచిదైతే తోట పోయినా బతకొచ్చు. బండి చెడ్డదైతే తోటా లేదు, జట్కా బేరమూ లేదు. పైడమ్మ ఒప్పుకుంది గాని ఒక్క షరతు పెట్టింది, మేస్త్రి చూడకుండా కాగితం మీద వేలు పెట్టనని.

బండి తెచ్చినవాడు విశ్వనాథం అనే బ్రోకరు. గోదావరి జిల్లా మనిషి. జరీ కండువా, నోటి నిండా తాంబూలం, మాట మాటకీ "ఆయ్". మేము వెళ్ళేసరికి బండి సన్యాసయ్య గుమ్మం ముందు ఆగి ఉంది. వెనక సీటు చుట్టూ ఆకుపచ్చ పరదాలు. వీధి వీధంతా అక్కడే ఉంది. పైడమ్మ అప్పటికే చక్రాలకి పసుపు రాసి బొట్లు పెట్టేసింది. బండి కొనకముందే అది చుట్టమైపోయింది.

"ఇది గోషా కారండి," అన్నాడు విశ్వనాథం. "ఓ సంస్థానం రాణిగారిదండి. కోటలోంచి పూలతోటకి, పూలతోటలోంచి కోటకి. అంతకు మించి ఎండ మొహం ఎరగదండి ఆయ్. కావాలంటే మైళ్ళు చూసుకోండి."

సన్యాసయ్య నా చెవిలో గుసగుసలాడాడు. "ఎంతుందో తెలుసా ఒరే? వెయ్యిన్నూట పదహార్లు."

"కట్నం సదివించినట్టుందే అన్నా," అన్నాను.

"అదే నేను చెప్పేదండి," అందుకున్నాడు విశ్వనాథం. "దారి పొడుగునా ఏవో అంకెలు పడుతూ వచ్చాయండి. సరిగ్గా మీ గుమ్మంలో ఆపేసరికి వెయ్యిన్నూట పదహారు పడిందండి. నేనే నమ్మలేకపోయాను. లక్ష్మీదేవి తనంతట తనే ఇల్లు వెతుక్కుంటూ వచ్చిందండి."

గుంపులో ఇద్దరు ముసలమ్మలు బండికి దణ్ణం పెట్టారు. మేస్త్రి ముందుకెళ్ళి భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పాడు.

విశ్వనాథం ఉలిక్కిపడ్డాడు. "ఏవండీ, లక్ష్మీదేవికి ముసుగేస్తారా?"

"గోషా అన్నారు కదండీ," అన్నాడు మేస్త్రి.

రాణిగారి తమ్ముడు

మేస్త్రి చూడమన్నట్టు కళ్ళతో సైగ చేశాడు. నేను హ్యాండిలు పట్టుకుని చూశాను. పళ్ళు అరిగి గుండ్రంగా ఉన్నాయి.

"పూలతోటకి వెళ్ళడానికి ఇన్నిసార్లు తిప్పారేటండి?" అన్నాను.

"రాణిగారికి ఓ తమ్ముడుగారున్నారండి," అన్నాడు విశ్వనాథం. "ఆయనకి హ్యాండిలు తిప్పడం సరదా. ఊరికే తిప్పుతూ ఉండేవారు."

తలుపు తీశాను. వెనక సీటు బాగానే ఉంది. డ్రైవరు పక్కన సీటు మాత్రం పళ్ళెంలా గుంటపడింది. గోషా కారులో ఆడవాళ్ళు పరదా వెనక కూర్చుంటారు. డ్రైవరు పక్కన కూర్చునేది ఎవరు?

"ఆ తమ్ముడుగారేనండి. కొంచెం భారీ మనిషి."

ఎక్కే మెట్టు మధ్యలో రబ్బరు అరిగి కింద చెక్క కనిపిస్తోంది. అది కూడా తమ్ముడుగారే. ఆయనకి ఎక్కి దిగడం అలవాటట. పెడళ్ళు నున్నగా ఉన్నాయి. తమ్ముడుగారు డ్రైవింగు కూడా నేర్చుకున్నారట. వెనక తలుపు కింద రంగు రాపిడికి పోయింది. తమ్ముడుగారికి వేట కుక్కలున్నాయట.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న పైడమ్మ కొంగు బిగించి కిందికి దిగింది.

"బాబూ, ఆ తమ్ముడుగార్నే తెచ్చి అమ్మకపోయారా? ఈ బండి కంటే ఆయనే ఎక్కువ కష్టపడ్డాడు."

వీధంతా నవ్వింది. విశ్వనాథం కూడా నవ్వాడు. ఆ మనిషిలో నాకు నచ్చింది అదే. నవ్వాల్సిన చోట నవ్వకుండా ఉండలేడు.

మేస్త్రి మాత్రం నవ్వలేదు. "ఒకసారి నడిపి సూద్దాం," అన్నాడు.

"వద్దండి," అన్నాడు విశ్వనాథం వెంటనే. "అంకె చెడిపోతుంది కదండీ. శుభాంకె మీద బేరం ముగించి, కాగితం రాసుకుని, తర్వాత మీ ఇష్టం వచ్చినంత తిప్పుకోండి. కొత్త కోడలు గుమ్మంలో కాలు పెట్టబోతుంటే వెనక్కి నడవమంటారా ఎవరైనా?"

ఇక్కడ మీరు విశ్వనాథం తెలివి గమనించాలి. మైళ్ళు తగ్గించేవాళ్ళు బోలెడుమంది. తగ్గించిన అంకెని శుభాంకె చేసి, దాన్నే అడ్డం పెట్టి బండిని కదపకుండా చేసినవాణ్ణి మాత్రం నా జన్మలో ఆయన్నొక్కణ్ణే చూశాను. అది మన దగ్గర తప్ప ఇంకెక్కడా పారదు.

పారింది కూడా. సన్యాసయ్య అడ్డంగా నిలబడ్డాడు. "అవును మేస్త్రీ, అంకె సెడగొట్టొద్దు. రాహుకాలం రాకముందే కాగితం అయిపోతే బాగున్ను. బేగి కానియ్యండి."

పళ్ళూ పెడళ్ళూ మేస్త్రికి తెలుసు. పదహార్ల మీద ప్రేమ ఉన్నవాడికి ఏం చెప్పాలో తెలీదు. నేను అందుకున్నాను.

"అన్నా, పదహారు పక్కన పదిహేడు పడకుండా ఈ బండి స్టేషనుకెలా ఎల్తుంది? మనం కొనేది తిప్పడానికా, దేవుడి గదిలో పెట్టడానికా?"

"నువ్వూరుకోరా. సదువూ సంధ్యా లేనోడివి నీకేటి తెలుసు."

మూడో తరగతి వదిలినవాణ్ణి గనక ఊరుకున్నాను. అప్పుడు పైడమ్మ మొగుడి ఎదురుగా వచ్చి నిలబడింది. గొంతు పెంచలేదు.

"మావా, ఇన్నేళ్ళు గుర్రాలు కొన్నావు. నిలబెట్టిన గుర్రాన్ని ఏనాడన్నా కొన్నావా? నడిపించి, పరిగెత్తించి, ఊపిరి ఇని, అప్పుడు కదా సెయ్యి కలిపీవోడివి. ఇది గుర్రం కంటే గొప్పదేటి? పోయేది నా తోట."

సన్యాసయ్య అడ్డం తప్పుకున్నాడు. భార్య మాటకి లొంగాడో, గుర్రాల మాటకి లొంగాడో నాకు తెలీదు గాని, తలుపు తీసి పరదాల వెనక రాణిగారి సీట్లో కూర్చున్నాడు.

"పద," అన్నాడు.

చీమలు

మేస్త్రి నడిపాడు. విశ్వనాథం వద్దంటూనే ఎక్కి ఆ పళ్ళెం సీట్లో కూర్చున్నాడు. నేను మెట్టు మీద నిలబడి వేలాడాను. మీటరు మీద తువ్వాలు అలాగే ఉంది. గొలుగొండ దారిలో వెళ్ళి చెరువు గట్టు దాటి వెనక్కి తిరగాలని అనుకున్నాం. ఇంజను చప్పుడు విని మేస్త్రి మొహం మెత్తబడటం నేను చూశాను. ఇంజను బాగుంది. ముసలిదే, కానీ దగ్గు లేదు, ఆయాసం లేదు.

తిరుగు దారిలో పరదాల వెనక నుంచి సన్యాసయ్య కేక వినిపించింది.

"ఓలమ్మో, ఆపండి, ఆపండి. కుట్టేస్తన్నాయి."

బండి ఆపి పరదా తీస్తే ఆయన సీటు మీద నిలబడి పంచె దులుపుకుంటున్నాడు. కింద చెక్కల సందుల్లోంచి చీమలు బారులు తీరి వస్తున్నాయి. ఇంజను వేడి తగిలేసరికి ఇల్లు ఖాళీ చేసి బయలుదేరాయి పాపం. నేను ఒక చెక్క ఊడదీశాను. దాని కింద నల్లగా, జిగటగా అట్టకట్టి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను.

బెల్లం. రంగు మారిన పాత బెల్లం, ఎన్నో ఎండలకి కరిగి ఎన్నో వానలకి గట్టిపడినది. మా ప్రాంతంలో పుట్టినవాడు నాలికతో చెప్పగలడు. ఈ బండి వెనక సీటు పీకేసి చాలా కాలం బెల్లం దిమ్మలు మోసింది. తర్వాత సీటు తెచ్చి పెట్టి, పరదాలు కట్టి రాణిని చేశారు. వెనక సీటు ఎందుకు అరగలేదో అప్పుడు అర్థమైంది.

నేను విశ్వనాథం వైపు చూశాను.

"తమ్ముడుగారికి," అన్నాడు ఆయన చిన్న గొంతుతో, "తీపి ఇష్టమండి."

మళ్ళీ గుమ్మం ముందుకి వచ్చి ఆగాం. వీధంతా ఎదురుచూస్తోంది. మేస్త్రి కిందికి దిగి తువ్వాలు అంచు పట్టుకుని లాగాడు. అందరూ తలలు వంచి చూశారు.

వెయ్యిన్నూట పదహారు.

చెరువు దాకా వెళ్ళి వచ్చినా అంకె జరగలేదు. నా మటుకు నాకు విశ్వనాథం పని అయిపోయినట్టే అనిపించింది. కానీ సన్యాసయ్య రెండు చేతులూ జోడించాడు.

"సూసేరా? అంకె సెడలేదు. పైడమ్మా, అమ్మోరి మహిమ. ఎంత తిరిగినా పదహార్లే ఉంటాది."

పైడమ్మ మీటరు వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

"మహిమ కాదు మావా. అది సచ్చిపోయింది."

విశ్వనాథం చెప్పిన పాఠం

విశ్వనాథం అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు అడిగాడు. పైడమ్మ చెంబుతో ఇచ్చింది. తాగి, కండువాతో మొహం తుడుచుకుని, నవ్వడం మొదలుపెట్టాడు. పట్టుబడ్డ తర్వాత అంత హాయిగా నవ్వినవాణ్ణి నేను చూడలేదు.

"తీగ నేనే తీయించానండి. మైళ్ళు తగ్గించానా అంటే తగ్గించానండి. కానీ పదహార్లు పెట్టాలని నాకేమైనా సరదానా? తునిలో ఒకాయన ఇంజను చూడలేదు, టైర్లు చూడలేదు. అంకెలు కలిపితే ఎనిమిదొచ్చింది, శని అంకె, వద్దు పొమ్మన్నాడండి. ఇంకొకాయన సున్నాలు ఎక్కువున్నాయన్నాడు. అప్పుడు నాకు జ్ఞానం వచ్చిందండి. అంకె బాగుంటే ఈ దేశంలో బండికి చక్రాలు ఎన్నున్నాయో ఎవరూ లెక్కపెట్టరండి ఆయ్."

మేస్త్రి తిట్టబోతాడనుకున్నాను. తిట్టలేదు. తిట్టడానికి ఏముంది? ఆయన చెప్పింది నిజం. ఇది కుర్రాళ్ళు రాసి పెట్టుకోవాలి. మీటరు తిప్పేవాడు ఒక చేత్తో తిప్పుతాడు, రెండో చెయ్యి కొనేవాడిది. మనకి ఏ అంకె వినాలని ఉందో వాడు ముందే తెలుసుకుని వస్తాడు. అందుకే పాత బండి చూసేటప్పుడు మొదట అడగాల్సింది అది ఎంత తిరిగిందని కాదు, ఎంత తిరిగిందంటే మనకి సంతోషంగా ఉంటుందని. ఆ అంకె మీటరులో కనిపిస్తే జాగ్రత్తపడాలి.

"ఇప్పుడేటి సేద్దాం?" అన్నాడు సన్యాసయ్య. మొహం వాడిపోయింది. ఆయనకి బండి పోయినందుకు కాదు, పదహార్లు పోయినందుకు బాధ.

మేస్త్రి గొంతు సవరించుకున్నాడు. "బండి ముసలిది. అబద్దం సెప్పి అమ్మబోయేరు. రెండూ నిజమే. కానీ ఇంజను సూసినాను. బెల్లం దిమ్మలు మోసి మోసి ఆరితేరిపోయింది. మనుషులు దానికో లెక్కా? ముసలిదాని ధర ఇచ్చి కొంటే తప్పులేదు."

"ముసలిదాని ధర అంటే?" అన్నాడు విశ్వనాథం.

"సేతిలో ఉన్న రొక్కం," అంది పైడమ్మ. "తోట మాట ఎత్తకండి బాబూ. తోట కొత్త బండికి. ఇది బెల్లం బండి. బెల్లం మా తోటలోనే పండుతాది."

విశ్వనాథం చాలాసేపు బేరమాడాడు. రాణిగారిని తలుచుకున్నాడు, పరదాల గుడ్డ ఖరీదు చెప్పాడు. కానీ తునిలో కాదన్నారు, ఇంకో చోట కాదన్నారు, తిరిగి వెళ్ళడానికి ట్యాంకులో పెట్రోలు లేదు. పైడమ్మ చాప మీద వడియాలు తిరగేస్తూ "లేదు బాబూ" అంటూనే ఉంది. చివరికి రొక్కం మీద చెయ్యి కలిపాడు. తోట కాగితం మడత విప్పకుండానే మళ్ళీ పెట్టెలోకి వెళ్ళింది.

బోణీ

ఇక ఆయన రైలుకి వెళ్ళాలి. స్టేషనుకి పోయే బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది.

"జట్కా కట్టించండి," అన్నాడు విశ్వనాథం.

"జట్కా ఎందుకు బాబూ," అంది పైడమ్మ. "మోటారుంది కదా. మీరే మాకు బోణీ."

ఆయన మొహంలో రంగు మారింది. పొద్దున్న ఎండ మొహం ఎరగదన్న బండి అది. ఇప్పుడు స్టేషను దాకా అందులో కూర్చోమంటే ఆలోచిస్తున్నాడు. పాత బండి అమ్మేవాడిని మీరూ ఇలాగే ఎక్కమని చూడండి. దీనికి మించిన పరీక్ష మేస్త్రి దగ్గర కూడా లేదు.

"దారిలో ఆగిపోదు కదా?" అన్నాడు నెమ్మదిగా.

"తమరమ్మిన బండే కదండీ," అన్నాను.

బోణీ బేరం కాదనకూడదు, ఆయనకీ తెలుసు. ఎక్కాడు. సన్యాసయ్యకి నడపడం రాదు గనక నేను నడిపాను. పెట్రోలు డబ్బా తెచ్చి పోసి, బయలుదేరే ముందు బండి కిందికి దూరి తీగ తగిలించాను. పైడమ్మ కూడా వస్తానంది. మోటారు మీద మోజు కొంత, మొగుడి మీద అపనమ్మకం కొంత. ముందు సీట్లో నా పక్కన కూర్చుని రబ్బరు బూరా ఆమే నొక్కుతూ వచ్చింది. అవసరం ఉన్నా లేకపోయినా నొక్కింది. దూడలు పారిపోయాయి, మనుషులు దణ్ణాలు పెట్టారు.

ఊరు దాటగానే మీటరులో చివరి అంకె మెల్లగా జరగడం మొదలైంది. వెనక నుంచి మెడ చాపి చూస్తున్న సన్యాసయ్య కళ్ళు మూసుకున్నాడు.

"అయ్యో, పదహారు పోతంది."

"పోనీ మావా," అంది పైడమ్మ. "పోతేనే కదా మనం ఎల్తున్నట్టు."

స్టేషను దగ్గర దిగేసరికి రైలు ఇంకా రాలేదు. విశ్వనాథం బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. ఒకచోట కూడా ఆగలేదది. రేడియేటరు మీద చెయ్యి వేసి, తనే ఆశ్చర్యపోయాడు. అప్పటికే అవతలి వైపు నుంచి వచ్చిన రైలు దిగినవాళ్ళు కొందరు మూటలతో ఊరేదని చుట్టూ చూస్తున్నారు. వాళ్ళని చూడగానే ఆయనలో బ్రోకరు లేచాడు. కండువా సర్దుకుని, డబ్బు ఎవరిదో, బండి ఎవరిదో మరిచిపోయి, చెయ్యెత్తి పిలవడం మొదలుపెట్టాడు.

"నర్సీపట్నం, నర్సీపట్నం. రండి బాబూ రండి. మోటారండి. కొత్త బండండి ఆయ్."

పైడమ్మ ముందు సీట్లోంచి తల బయటికి పెట్టింది.

"కొత్తది కాదు. పాతదే. బెల్లం మోసింది. ఎక్కితే ఎక్కండి, లేకపోతే లేదు."

విశ్వనాథం నెత్తి కొట్టుకున్నాడు. సన్యాసయ్య నా వైపు చూశాడు. జనం మూటలు పట్టుకుని నిలబడిపోయారు. వాళ్ళల్లో ఎస్. రాయవరం వైపు రైతు ఒకాయన, చేతిలో చుట్ట, తలపాగా, బండిని ముందు నుంచి వెనక దాకా ఎద్దుని చూసినట్టు చూశాడు. తర్వాత తన వెనకున్నవాళ్ళ వైపు తిరిగాడు.

"పాతదైతే దారి తెలిసే ఉంటాది. ఎక్కండి ఎక్కండి," అని తనే ముందుగా ఎక్కి కూర్చున్నాడు.